హ్యారీ స్టైల్స్ పాట చూసి బార్బికన్ దాకా

హ్యారీ స్టైల్స్ ‘యాజ్ ఇట్ వాజ్’ (2022) ట్యూన్ హుషారుగానే ఉంటుంది గానీ, మాటలు పట్టించుకుంటే దిగులు పాట. వీడియోలో నాకు ఆయనకన్నా వెనకున్న కాంక్రీటే ఎక్కువ నచ్చింది. అది లండన్‌లోని బార్బికన్ అనే నివాస కాలనీ అని తెలిశాక, ఒకటి రెండు మ్యూజియంలు మానుకుని మరీ వెళ్లాను.

ముందు బస సంగతి. బార్బికన్ చుట్టూ అంతా ఆఫీసులే, వారం మధ్యలో హోటల్ రేట్లు మండిపోతాయి. నా ఓటు ఈస్ట్ హామ్‌కి. మనవాళ్లుంటారు, ఇడ్లీ దోసెలకు లోటుండదు, హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ ఎక్కితే మారే పని లేకుండా నేరుగా బార్బికన్ స్టేషన్‌లో దిగొచ్చు. నేనున్న గెస్ట్‌హౌస్‌లో మాత్రం పొద్దున్నే వేడినీళ్లు అయిపోయేవి. అడిగితే ‘ఇంకాస్త ముందు లేవండి’ అన్నారు!

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు నేలమట్టమైన చోట ఛాంబర్లిన్, పావెల్ అండ్ బాన్ అనే ఆర్కిటెక్టుల సంస్థ డిజైన్ చేసిన కాలనీ ఈ బార్బికన్. రెండు వేలకు పైగా ఫ్లాట్లు, నలభై అంతస్తులు దాటిన టవర్లు మూడు. దూరం నుంచి అంతా ఒకటే బూడిదరంగు. దగ్గరికెళ్తేనే అసలు పనితనం. కాంక్రీటు గట్టిపడ్డాక పనివాళ్లు హ్యామర్లు చేత పట్టుకుని పైపొర చెక్కేశారు. లోపలి రాళ్లు తేలి, చెయ్యి ఆనిస్తే గరగరలాడుతుంది. అన్నేసి అంతస్తుల గోడలు అలా చెక్కారంటే నమ్మబుద్ధి కాలేదు.

దారి కోసం నేలమీద పసుపు గీత ఉంటుంది. అయినా తప్పిపోతారు, ఫర్వాలేదు, భవనాల మధ్య ఎత్తులో కట్టిన ఆ నడకదారుల్లో తిరగడమే సరదా. మధ్యలో చెరువు, పక్కన కవి మిల్టన్ సమాధి ఉన్న సెయింట్ గైల్స్ చర్చి. చూడ్డానికి పైసా ఖర్చు లేదు. లోపలి మొక్కల కన్సర్వేటరీ మాత్రం అన్ని రోజులూ తెరవరు, వెళ్లేముందు వెబ్‌సైట్ చూసుకోండి. కాఫీ ఫర్వాలేదు, చెరువు గట్టున కూర్చుని తాగితే ఇంకాస్త బాగుంటుంది.

అదే వీడియోలో కనిపించే లండన్ జూ పెంగ్విన్ పూల్ (1934) కూడా చూశాను. ఆర్కిటెక్ట్ లుబెట్కిన్ బృందం కట్టింది, ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు సన్నటి కాంక్రీటు ర్యాంపులు నిజంగా అందమే. కానీ 2004లోనే పెంగ్విన్లను అక్కడి నుంచి మార్చేశారు, ఖాళీ తొట్టి కోసం జూ టికెట్ కొనడం దండగ. పిల్లలుంటే ఎలాగూ వెళ్తారు, అప్పుడు చూసుకోండి.