జెడ్‌లిబ్ 1.2.11 నుంచి 1.3.1 దాకా: వాడి చూశాక

డేటాను కుదించి, విప్పే లైబ్రరీ జెడ్‌లిబ్ 1.2.11 ఇంకా నడుస్తున్న చోట దాన్ని 1.3.1కి మార్చేయండి, వాయిదా వేయొద్దు. ఏళ్ల తరబడి పేచీ పెట్టకుండా పనిచేసింది కదా అనిపిస్తుంది. ఆ నమ్మకంతోనే సీవీఈ-2018-25032 అనే నంబరున్న భద్రతా లోపం చాలా సర్వర్లలో అలాగే ఉండిపోయింది.

ఆ బగ్గు కుదించే వైపు ఉంది. 2017 నాటి 1.2.11లో, ముందే వచ్చిన అదే ముక్క (మ్యాచ్) ఎంత వెనక ఉందో చెప్పే దూరాల పట్టిక, అక్షరాలు-పొడవుల పట్టిక, బయటికి పోవాల్సిన బైట్లు ఒకే బఫర్‌లో సర్దుకునేవి. ఇన్‌పుట్‌లో దూరపు మ్యాచ్‌లు దండిగా తగిలితే, బయటికి రాసే బైట్లు ముందుకెళ్లి ఇంకా చదవని దూరాల మీద పడేవి. ఫిక్స్‌డ్ స్ట్రాటజీ (ముందే ఖరారైన కోడ్‌లతోనే కుదించే సెట్టింగ్) పెట్టినవాళ్లకు ఇది సులువుగా తగులుతుంది. సవరణ 2018లోనే సోర్సులో చేరినా, విడుదలైంది మాత్రం 2022 మార్చిలో, 1.2.12తో. పట్టికలు రెండూ కలిపి గుర్తుకు 3 బైట్ల చొప్పున ఒకే వరుస చేశారు. చక్కటి పరిష్కారం. 1.3.1లో వచ్చిన, బిల్డ్ చేసేటప్పుడు ఇచ్చే లిట్_మెమ్ డిఫైన్‌తో ఆ పట్టికలను మళ్లీ విడదీసి కాస్త వేగం తెచ్చుకోవచ్చు. మెమరీ వాడకాన్ని నిర్ణయించే మెమ్‌లెవెల్ 8 దగ్గర స్ట్రీముకు 16 కేబీ అదనం. కుదించే ఫంక్షన్ డిఫ్లేట్‌కు ఎలాగూ 256 కేబీ పోతుంది కాబట్టి సర్వర్లో పెట్టుకోవచ్చు, చిన్న బోర్డుల మీద వద్దు.

1.2.12 దగ్గర ఆగిపోకండి. దాని కాన్ఫిగర్ స్క్రిప్టు ఏ కంపైలర్ వాడాలో చెప్పడానికి మనమిచ్చిన సీసీ విలువను పక్కన పడేస్తుంది, క్రాస్ కంపైల్ (వేరే రకం యంత్రం కోసం బిల్డ్ చేయడం) చెడుతుంది. పైగా జీజిప్ హెడర్‌లోని ఎక్స్‌ట్రా ఫీల్డును ఇన్‌ఫ్లేట్‌గెట్‌హెడర్‌తో చదివేవాళ్లకు బఫర్ పొంగే బగ్గు అందులో ఉంది. రెండూ 2022 అక్టోబరులో 1.2.13తో తీరాయి.

అసలు శ్రమ పాత కాపీలను పట్టుకోవడంలో ఉంది. సిస్టమ్ ప్యాకేజీని అప్‌డేట్ చేస్తే షేర్డ్ లైబ్రరీ మాత్రమే మారుతుంది. బిల్డ్ చేసేటప్పుడే ప్రోగ్రాముల లోపల స్టాటిక్‌గా అతికించిన కాపీలు మారవు. ప్రతి బైనరీ మీద, లోపలి చదవగల వాక్యాలను చూపే స్ట్రింగ్స్ కమాండు నడిపి "డిఫ్లేట్" పక్కన వెర్షన్ అంకె, కాపీరైట్ ఉన్న వాక్యాన్ని గ్రెప్‌తో వెతకండి. అక్కడ 1.2.11 కనిపిస్తే ఆ ప్రోగ్రామును మళ్లీ బిల్డ్ చేయాల్సిందే.

విప్పే వైపు రెండు జాగ్రత్తలు ఏ వెర్షన్‌లోనూ మారలేదు. ఒకదాని వెనక ఒకటి అతికించిన జీజిప్ ఫైలులో మొదటి భాగం కాగానే విప్పే ఫంక్షన్ ఇన్‌ఫ్లేట్, స్ట్రీమ్ ముగిసిందంటుంది. ఇన్‌పుట్ ఇంకా మిగిలుంటే ఇన్‌ఫ్లేట్‌రీసెట్ చేసి కొనసాగించాలి, లేకపోతే మిగతా డేటా చప్పుడు లేకుండా పోతుంది. రెండోది, డిఫ్లేట్ డేటా 1032 రెట్ల దాకా ఉబ్బగలదు, కాబట్టి బయటి నుంచి వచ్చే ఫైళ్లకు అవుట్‌పుట్ పరిమితి పెట్టండి.

ఇక మినీజిప్. అది జెడ్‌లిబ్ సోర్సులోని కాంట్రిబ్ ఫోల్డర్‌లో వచ్చే, జిప్ ఫైళ్లను చేసి విప్పే అదనపు కోడ్. జిప్ హెడర్‌లో పేరు పొడవుకు 16 బిట్లే చోటు. 65,535 బైట్లు దాటిన పేరో కామెంటో ఇస్తే ముందు మెమరీ పొంగేది, 1.3.1 దాన్ని తిప్పికొడుతుంది. ఇదొక్కటి చాలు అప్‌డేట్ చేయడానికి.

తెలుగు ఫైలు పేర్ల సంగతి మాత్రం ఇప్పటికీ మనమే చూసుకోవాలి. "రసీదు" అని పేరిచ్చి మామూలు ఫంక్షన్‌తో జిప్ చేస్తే పేరు యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఉందని చెప్పే బిట్ హెడర్‌లో పడదు. విప్పే ప్రోగ్రాము దాన్ని పాత కోడ్‌పేజీ 437 (డాస్ కాలపు అక్షరాల పట్టిక)గా చదివితే ఒక్క "ర" అక్షరం మూడు ముక్కలవుతుంది: గ్రీకు ఆల్ఫా ఒకటి, చుక్కల గళ్లు రెండు. జిప్‌ఓపెన్‌న్యూఫైల్‌ఇన్‌జిప్4 వాడి, చివరి పారామీటరు ఫ్లాగ్‌బేస్‌లో 2048, అంటే 11వ బిట్, ఇవ్వాలి. ఇప్పటికే పంచేసిన జిప్‌లకైతే ఆ బిట్‌ను లోకల్ హెడర్‌లోనూ సెంట్రల్ డైరెక్టరీలోనూ వేస్తే సరిపోతుంది. డేటా చెడలేదని తేల్చే సీఆర్‌సీ లెక్కలో హెడర్ రాదు కాబట్టి దేన్నీ మళ్లీ కుదించక్కర్లేదు.