‘మెయిల్ క్లయింట్ అక్కర్లేని అలర్ట్ ఇంజిన్’ కొనేముందు ఇది చదవండి

కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఇప్పుడే రాసేస్తున్నాను, ఎందుకంటే ఆ ఇంజిన్ అమ్మే కంపెనీవాళ్లు ఇదే సరుకు ఇంకా చాలామందికి అంటగడుతున్నారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) చూసుకునేవాళ్లకు వీళ్ల సేల్స్ కాల్ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. "సర్వర్‌లో అవుట్‌లుక్ లాంటిదేదీ పెట్టక్కర్లేదండి, డేటాబేసే నేరుగా మెయిల్ పంపుతుంది, అంతా మా ఇంజిన్ చూసుకుంటుంది" అంటారు. మేం తీసుకున్నాం, చందా ముందే కట్టేశాం. వాళ్ల మనిషి రిమోట్‌లో వచ్చి సెటప్ చేశాడు, టెస్ట్ మెయిల్ వచ్చింది, వెళ్లిపోయాడు.

ఇక జరిగింది వినండి. డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ రాసుకునే ఫైల్‌ను ట్రాన్సాక్షన్ లాగ్ అంటారు. మా దగ్గర దాని బ్యాకప్ తీసే జాబ్ ఫెయిలవడం మొదలైంది. ఫుల్ రికవరీ (బ్యాకప్ అయ్యేదాకా లాగ్‌ను దాచి ఉంచే సెట్టింగ్)లో ఉన్న డేటాబేస్‌కు లాగ్ బ్యాకప్ పడకపోతే లాగ్‌లో చోటు ఖాళీ అవదు, ఫైల్ పెరుగుతూనే పోతుంది. పెరిగి పెరిగి డిస్క్ నిండింది, లాగ్ నిండిందని చెప్పే 9002 ఎర్రర్ కొట్టింది, కొత్త ఆర్డరు ఒక్కటీ ఎక్కలేదు. ఆ జాబ్ ఫెయిలైన ప్రతిసారీ మాకు మెయిల్ రావాలి. ఒక్కటీ రాలేదు. కస్టమర్లు ఫోన్ చేసి తిడితే గానీ మాకు తెలియలేదు. డబ్బు కట్టింది సరిగ్గా ఈ ఒక్క పని కోసమే!

జాబ్‌లు నడిపే ఏజెంట్ వైపు చూస్తే అలర్ట్ సెట్టింగులన్నీ మామూలుగానే ఉన్నాయి. తీరా ఎంఎస్‌డీబీ అనే సిస్టమ్ డేటాబేస్‌లోకి వెళ్లి, పంపలేకపోయిన మెయిళ్ల జాబితా సిస్‌మెయిల్_ఫెయిల్డ్ఐటమ్స్ తెరిచి చూస్తే, మాకు రావాల్సిన అలర్ట్‌లన్నీ అక్కడ వరసగా పడి ఉన్నాయి. ప్రతి దాని పక్కనా ‘ఫెయిల్డ్’ అని ఉంది. సిస్‌మెయిల్_ఈవెంట్_లాగ్‌లో కారణం కూడా ఉంది: మెయిల్ సర్వర్ లాగిన్‌ను ఒప్పుకోలేదు. కొత్తవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మెయిల్ పంపే ఎస్పీ_సెండ్_డీబీమెయిల్ కమాండ్ నడిపితే ‘మెయిల్ క్యూడ్’ అని వస్తుంది చూడండి, మెయిల్ చేరిందని దాని అర్థం కాదు. వరసలో పెట్టామని మాత్రమే. నిజంగా పంపేది డేటాబేస్‌మెయిల్ అనే వేరే ప్రోగ్రామ్, సర్వర్ ప్రాసెస్‌కు బయట నడుస్తుంది. అది ఓడిపోతే లాగ్‌లో రాసుకుంటుంది, అంతే. మనం వెళ్లి చూడాలి.

సరే, లాగిన్ ఎందుకు ఒప్పుకోలేదా అని అకౌంట్ వివరాలు తీశాను. ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే) సర్వర్ పేరు వాళ్లది. లాగిన్ వాళ్లది. ‘ఫ్రమ్’ అడ్రస్ కూడా వాళ్ల డొమైన్ మీదే. ఇంజిన్ అన్నది ఎక్కడా లేదు! సర్వర్‌తో పాటు ఉచితంగా వచ్చే డేటాబేస్ మెయిల్‌లో ఒక ప్రొఫైల్, ఒక అకౌంట్ పెట్టి వెళ్లిపోయారు. ఈ సదుపాయం 2005 వెర్షన్ నుంచే ఉంది. నేరుగా ఎస్ఎంటీపీతో మాట్లాడుతుంది కాబట్టి మెయిల్ క్లయింట్ అవసరమే లేదు. అవుట్‌లుక్ మీద ఆధారపడిన పాత ఎస్‌క్యూఎల్ మెయిల్‌ను 2012 వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు కూడా. అంటే వీళ్లు గొప్పగా చెప్పుకునే ‘క్లయింట్ అక్కర్లేదు’ అన్నది మన సర్వర్‌లో ముందునుంచీ ఉన్నదే. దానికి పేరు మార్చి మనకే అమ్మారు.

సపోర్ట్‌కు ఫోన్ చేశాను. నాకు ఒళ్లు మండింది అక్కడే.

"ఆ మెయిల్ సర్వర్ పాస్‌వర్డ్ మార్చాం సార్. నోటీసు పంపాం కదా" అన్నాడు.

"ఎవరికి పంపారు?"

"మీ అకౌంట్ మెయిల్ ఐడీకి."

మా అకౌంట్ ఐడీ అంటే ఏమిటనుకున్నారు? వాళ్లే సృష్టించిన ఆ ‘ఫ్రమ్’ అడ్రస్. దాని పాస్‌వర్డ్ మాకు ఎన్నడూ ఇవ్వలేదు. ఆ మాటే అడిగితే, "అది మీరు అడిగి తీసుకోవాల్సింది సార్" అన్నాడు. గొంతులో కనీసం తడబాటు లేదు. వ్యాపారం ఆగిపోయి నేను టెన్షన్‌తో చస్తుంటే, ప్రీమియం ప్లాన్‌కు మారితే కొత్త లాగిన్ వెంటనే ఇస్తామన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. "పాస్‌వర్డ్ మార్చకముందు వెళ్లినవి అన్నీ మా దగ్గర ఉన్నాయి సార్, ఏది కావాలో చెప్పండి" అని మా మెయిళ్ల సబ్జెక్టులు చదవడం మొదలుపెట్టాడు. మా సర్వర్ పేరు, మా డేటాబేస్ పేర్లు, రోజువారీ బకాయిల రిపోర్టు. ఆ రిపోర్టులో క్వెరీ ఫలితం అటాచ్‌మెంట్‌గా వెళ్తుంది, అందులో మా కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. అవన్నీ ఎవరో తెలియని మనిషి మెయిల్‌బాక్స్‌లో కూర్చున్నాయి! కాపీలు దాచుకుంటామని సెటప్ అప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు. తీసేయమని అడిగితే "పాలసీ చూసి చెప్తాం" అన్నాడు. ఇది రాసే సమయానికి జవాబు లేదు. ఆగిన ఆర్డర్ల కంటే నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇదే. కస్టమర్లు ఆ వివరాలు మమ్మల్ని నమ్మి ఇచ్చారు, వీళ్లను కాదు.

వీళ్ల దగ్గర కొన్నవాళ్లు ఇవాళే మెయిల్ అకౌంట్ వివరాలు చూపించే సిస్‌మెయిల్_హెల్ప్_అకౌంట్_ఎస్పీ నడిపి చూడండి. సర్వర్ పేరు మీ సంస్థది కాకపోతే వెంటనే మార్చండి. మీ సొంత మెయిల్ సర్వర్ పెట్టుకుని, 587 పోర్టు ఇచ్చి ఎస్ఎస్ఎల్ టిక్ పెట్టండి. 465తో డేటాబేస్ మెయిల్ పనిచేయదు. రిపోర్టులను మెయిల్‌లో అటాచ్ చేయడం మానేసి లింకు పంపండి. రోజూ పొద్దున ‘అంతా బాగుంది’ అని ఒక మెయిల్ వచ్చేలా జాబ్ పెట్టుకోండి, అది రాని రోజు వెళ్లి చూడొచ్చు. ఎంఎస్‌డీబీ ఉన్న డిస్క్ నిండితే అందులో మెయిళ్ల క్యూకు కూడా చోటుండకపోవచ్చు కాబట్టి, డిస్క్‌ను మాత్రం వేరే మెషీన్ నుంచి గమనించండి.

వాళ్ల దగ్గర ఉన్న మీ మెయిళ్లు చెరిపేయమని రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో అడిగితే నాకు చెప్పిన జవాబే చెప్తారు.