కారు ఎమర్జెన్సీ కిట్ల సంచితో జాగ్రత్త: రిటర్న్ గడువు దాటకముందే విప్పి చూడండి

జంపర్ కేబుల్ (డౌన్ అయిన బ్యాటరీకి పక్క కారు బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చేది), గాలి పంపు, పంచర్ సెట్టు, టోయింగ్ తాడు, ఎర్ర త్రికోణం, టార్చి, ఫస్ట్ ఎయిడ్ డబ్బా. ఇవన్నీ ఒక నల్ల జిప్పు సంచిలో సర్ది ‘రోడ్ ట్రిప్ ఎమర్జెన్సీ కిట్’ పేరుతో పదిహేను వందలకో రెండు వేలకో ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. ఇంకా కొనకపోతే కొనకండి. ఇప్పటికే కొని ఉంటే డిక్కీలో పడేయకుండా ఇవాళే విప్పి పరీక్షించండి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ సామాను కొన్న రోజున ఎవరికీ అవసరం పడదు. రిటర్న్ గడువేమో చాలా చోట్ల 7 నుంచి 10 రోజులు. అవసరం పడేది ఏ ఆరు నెలల తర్వాతో, మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమల అడవిలోనో, మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్‌లోనో. అక్కడ చాలా దూరం పంచర్ షాపు ఉండదు, ఫోన్ సిగ్నలూ సరిగా ఉండదు. కిట్ పనికిరాదని తెలిసేసరికి గడువు ఎప్పుడో పోయి ఉంటుంది. ‘ప్యాకింగ్ బాగుంది, సంచి గట్టిగా ఉంది’ అని ఐదు చుక్కలు వేసినవాళ్లలో ఎంతమంది కేబుల్ కొసనున్న క్లాంపును బ్యాటరీకి తగిలించి చూశారో ఆలోచించండి.

అన్నిటికంటే పెద్ద దగా జంపర్ కేబుల్. ప్యాకెట్ మీద ‘500 ఆంపియర్లు’, ‘1000 ఆంపియర్లు’ అని ఉంటుంది. ఆ అంకెను పట్టించుకోకండి. చూడాల్సింది లోపలి లోహం ఏమిటి, ఎంత మందం అని. బయటికి వేలంత లావున్న కేబుల్‌లో ముప్పావు వంతు ప్లాస్టిక్ తొడుగే ఉంటుంది. లోపల 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, అదీ రాగి పూత పూసిన అల్యూమినియం. లెక్క చూడండి. 3 మీటర్ల కేబుల్ అంటే ఎరుపు, నలుపు కలిపి కరెంటు తిరిగే దారి 6 మీటర్లు. చిన్న పెట్రోల్ ఇంజిన్ స్టార్టర్ 150 ఆంపియర్లు లాగిందనుకుందాం. 16 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగిలో దాదాపు 1 వోల్టు పోతుంది, పర్వాలేదు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగిలో దాదాపు 4 వోల్టులు పోతాయి. అదే మందంలో రాగి పూత అల్యూమినియం అయితే 6 వోల్టులకు పైనే. పక్క కారు 13 వోల్టులు ఇచ్చినా మీ స్టార్టర్‌కు అందేది 7. టిక్ టిక్ మని రిలే కొట్టుకుంటుంది తప్ప ఇంజిన్ తిరగదు. కేబుల్ మాత్రం వేడెక్కి తొడుగు మెత్తబడుతుంది. డీజిల్ బండి అయితే స్టార్టర్ దీనికి రెట్టింపు లాగుతుంది.

ఇంట్లోనే కనిపెట్టొచ్చు. క్లాంపు పిడి మీది రబ్బరు తొడుగు వెనక్కి లాగండి, తీగ పోగులు కనిపిస్తాయి. ఒక పోగును బ్లేడుతో గీరండి. పైన ఎరుపు, లోపల తెలుపు అయితే అల్యూమినియం. పైన తెలుపు, లోపల ఎరుపు అయితే కలాయి పూసిన రాగి, అది మంచిదే. క్లాంపుకు అయస్కాంతం గట్టిగా అంటుకుంటే అది పూత పూసిన ఇనుము. ఇంకొకటి: క్లాంపుకు రెండు దవడలుంటాయి, చౌక రకంలో తీగ ఒక దవడకే కలిపి ఉంటుంది. రెండోది ఉత్త అలంకారం. మళ్లీ కొనేటప్పుడు పెట్రోల్ కారుకు కనీసం 16, డీజిల్‌కు 25 చదరపు మిల్లీమీటర్లు, ‘పూర్తి రాగి’ అని రాసి ఉన్నదే తీసుకోండి. పొడవు రెండున్నర నుంచి 3 మీటర్లు చాలు. ఎక్కువ పొడవు లాభం కాదు, నష్టం.

తగిలించే వరుస కూడా ప్యాకెట్ మీద తప్పుగా అచ్చేసినవి ఉన్నాయి. సరైన వరుస ఇది: ముందు ఎరుపు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు, ఆపైన నలుపు మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరగా నలుపు రెండో కొస ఆగిన కారు ఇంజిన్ బ్లాకు మీద రంగు పూయని లోహానికి. డౌన్ అయిన బ్యాటరీ మైనస్‌కు కాదు. చివరి క్లాంపు తగిలేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది. తీసేటప్పుడు ఇదే వరుస వెనక నుంచి.

ఇక గాలి పంపు. ‘150 పీఎస్ఐ’ (గాలి ఒత్తిడి కొలత) అని పెద్ద అక్షరాలు. కారు టైరుకు కావలసింది 30 నుంచి 35. ఆ 150 ఏ సైకిల్ టైరు దగ్గరో చెప్పుకోవడానికి. మనకు కావలసిన అంకె నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి అన్నది. అది చాలా ప్యాకెట్ల మీద ఉండదు, ఉండదంటేనే అర్థం చేసుకోండి. చిన్న హ్యాచ్‌బ్యాక్ టైరు ఖాళీ నుంచి 33 పీఎస్ఐకి రావాలంటే దాదాపు 60 లీటర్ల గాలి లోపలికి పోవాలి. టైరు నిండేకొద్దీ పంపు వేగం తగ్గుతుంది కాబట్టి నిమిషానికి 35 లీటర్ల పంపు మూడు నాలుగు నిమిషాల్లో ఆ పని చేస్తుంది. సంచిలో వచ్చే 10, 12 లీటర్ల పంపు పది నిమిషాలు గిలగిలా కొట్టుకుంటుంది. ఆలోపే దాని ప్లాస్టిక్ సిలిండరు వేడెక్కి వాసన వస్తుంది, గొట్టం మూతి కరుగుతుంది. చిన్న అక్షరాల్లో ‘8 నిమిషాలు నడిపి 15 నిమిషాలు ఆపండి’ అని ఉంటుంది కాబట్టి వారంటీ అడిగినా ఇవ్వరు.

పరీక్ష ఇలా చేయండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పంపును 12 వోల్టుల సాకెట్‌కు పెట్టి, ఒక టైరులో గాలి 20కి దించి 33కి ఎక్కించండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. వెంటనే పెట్రోల్ బంకులో మీటరుతో సరిచూడండి. 2 పీఎస్ఐ తేడా ఉంటే సర్దుకోవచ్చు. 5 ఉంటే ఆ మీటరును నమ్మి హైవే ఎక్కకూడదు. వైరు వెనక టైరు దాకా అందుతోందా అన్నదీ చూడండి, చాలా వాటికి అందదు. సాకెట్ ఫ్యూజు 10 ఆంపియర్లా 15 ఆంపియర్లా అన్నది ఫ్యూజు బాక్సు మూత మీద ఉంటుంది. పంపు లాగే కరెంటు అంతకు తక్కువ ఉండాలి. ఫ్యూజు పోతే ఆ సాకెట్‌లో పెట్టే ఫోన్ ఛార్జరూ ఆగిపోతుంది. అదే విలువ ఫ్యూజులు రెండు సంచిలో ఉంచుకుంటే పది రూపాయల పని.

పంచర్ సెట్టులో పోయేది పిడి. సూది, రాపిడి ఆకురాయి రెంటికీ ప్లాస్టిక్ పిడి. రేడియల్ టైరు ట్రెడ్ (రోడ్డుకు తగిలే భాగం) కింద ఉక్కు తీగల పొర ఉంటుంది. రంధ్రంలోకి ఆకురాయిని తిప్పుతూ దించాలంటే ఒంటి బరువంతా వేయాలి. ప్లాస్టిక్ పిడి అక్కడే విరిగి అరచేయి చీరుకుపోతుంది. అడ్డంగా టీ ఆకారంలో ఉన్న ఇనుప పిడి ఉన్నదే కొనండి. రబ్బరు పట్టీలు వేలికి జిగురుగా అంటాలి, ఎండి పొడిబారి ఉంటే అవి నిలవవు. సొల్యూషన్ ట్యూబును నొక్కి చూడండి, ఎండకు ఆవిరైపోయి గాలే ఉండొచ్చు. పాత టైరు ఒకటి పంచర్ షాపులో అడిగితే ఇస్తారు. దానికి మేకు కొట్టి ఒక్కసారి చేసి చూడండి: కటింగ్ ప్లేయర్‌తో మేకు లాగి, ఆకురాయి పదిసార్లు ఆడించి, సూదిలో పట్టీని మధ్యకు ఎక్కించి సొల్యూషన్ రాసి, బయట సుమారు సెంటీమీటరు మిగిలేదాకా దించి, సూదిని నిటారుగా ఒక్క ఊపున లాగాలి. మిగిలిన కొసలు కోసి సబ్బునీళ్లు పోయండి. బుడగలు వస్తే రెండో పట్టీ. ఇదంతా ట్రెడ్ మీద 6 మిల్లీమీటర్లలోపు రంధ్రానికే. టైరు పక్క గోడకు పట్టీ వేసి నడిపితే ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే.

స్టెప్నీ ఉందిలే అనుకోకండి, ముందు డిక్కీ చాప ఎత్తి చూడండి. 2020లో కేంద్ర మోటారు వాహన నిబంధనలు సవరించాక, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, పంచర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. ఉన్నా చిన్న సైజుదైతే గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. అన్నట్టు, సంచిలో వచ్చే మడత పానా మీ నట్లకు పడుతుందో లేదో కూడా చూడండి. మారుతీ కార్లకు సాధారణంగా 19, హ్యుందాయ్, టయోటాలకు 21 మిల్లీమీటర్లు. పొడవు పిడి లేకపోతే షాపులో గన్‌తో బిగించిన నట్టు కదలదు.

తాడు మీద ‘5 టన్నులు’ అని ఉన్నా తెగేది కొక్కెం దగ్గర. కొక్కెం పోత ఇనుమైతే తాడు ఎంత బలమైనా వృథా, తెగినప్పుడు వెనక అద్దంలోకి దూసుకొస్తుంది. ఆటోమేటిక్, ఎలక్ట్రిక్ కార్లను తాడుతో లాగనే కూడదు, కారును పైకెక్కించుకుని మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ బండే పిలవాలి.

త్రికోణం ఒక్కో వైపు దాదాపు అర మీటరు ఉండి, వెనక బరువైన కాళ్లుండాలి. కిట్లోవి అరచేతి ప్లాస్టిక్, లారీ పక్కనుంచి పోతే ఎగిరి పడతాయి. మంటలార్పే డబ్బా విషయంలో ఒక్కటే మాట: సెంటు సీసాలాంటి స్ప్రే డబ్బాలు వద్దు. చాలా స్ప్రేల మీదే 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది, మన ఏప్రిల్ ఎండలో అద్దాలు మూసిన కారు లోపల అది సులువుగా దాటుతుంది. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15683 అంకె, ముల్లు పచ్చలో ఉన్న మీటరు ఉన్న కిలో ఏబీసీ పౌడరు సిలిండరు కొని, డ్రైవరు సీటు నుంచి చేతికందేలా బిగించండి. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో మందుల గడువు తేదీలు చూస్తే సరిపోతుంది.

పరీక్షలో ఏది పోయినా, పోయినట్టు వీడియో తీయండి. ప్యాకెట్ మీద రాసిన అంకె, మీరు చూసిన అంకె రెండూ ఒకే ఫ్రేములో పడాలి. వినియోగదారుల పరిరక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ప్రకారం వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాళ్లు వాపసు కాదనడానికి లేదు. వెబ్‌సైటు గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ‘ఓపెన్ చేసిన ప్యాకెట్ తీసుకోం’ అంటే, విప్పకుండా తీగ మందం ఎలా తెలుస్తుందో వాళ్లనే రాతపూర్వకంగా చెప్పమనండి.

జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033, ప్రమాదమైతే 112 లేదా 108. ఈ మూడు నంబర్లూ సిగ్నల్ ఉన్నచోటే పనిచేస్తాయి కనుక, ఘాట్ ఎక్కేముందు చివరి పెట్రోల్ బంకు దగ్గర ఆగి స్టెప్నీతో సహా అయిదు టైర్లూ చూసుకుని కదలండి.