దుమ్ము తుడవబోయి కారు గ్రిల్లు తుడిచేసిన స్కానరు

ఈ ఫ్లాట్‌బెడ్ స్కానరు (అద్దం పలక మీద పెట్టి మూత వేసే రకం) కొన్న కొత్తలో, పాత ఫొటోలున్న ప్రతివారినీ కళ్ళు మూసుకుని ఇదే కొనమని చెప్పాను. అందుకు కారణం దాని మూతలో ఉన్న దీపం. మామూలు స్కానరు కాగితం మీద పడి వెనక్కి వచ్చే వెలుతురుతో బొమ్మను పట్టుకుంటుంది. ఇందులో మూతలోని దీపం నెగటివు గుండా వెలుతురును పంపుతుంది. మా నాన్నగారు అగ్ఫా క్లిక్ 3 కెమెరాతో తీసిన 120 రోలు (పాత కెమెరాల వెడల్పాటి ఫిల్ము) నెగటివులు విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మా ఇంటి అటక మీద ఒక బిస్కట్ల డబ్బాలో పడి ఉండేవి. ఆ రోజుల్లో స్టూడియోవారు వాటికి వేసి ఇచ్చినవన్నీ నెగటివంతే ఉండే చిన్న కాంటాక్టు ప్రింట్లు. వాటిలో కారు ఉందని తెలిసేదే తప్ప, అది ఎవరి కారో, వెనకున్న కొట్టు ఎవరిదో తెలిసే వీలు లేదు.

సుమారు 5.6 సెంటీమీటర్ల చదరపు నెగటివును అంగుళానికి 2400 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే ఒక్కో పక్కకు దాదాపు 5,300 చుక్కలు వస్తాయి. వాల్తేరు స్టేషను ముందు తీసిన ఒక ఫొటోను అలా పెద్దది చేసి చూసినప్పుడు బోర్డు మీద ‘వాల్తేరు’ అన్న అక్షరాలు, దాని కింద నిలబడిన అంబాసిడర్ నంబరు పలక, డ్రైవరు చేతిలోని మసిగుడ్డ కూడా కనిపించాయి. మా బంధువర్గంలో పాత ఊళ్ళ ఫొటోలు పంచుకునే వాళ్ళం పదిహేను మందికి పైగా ఉన్నాం. ఆ ఒక్క ఫొటో మీద వారం రోజులు మాటలు నడిచాయి. (పెట్టె మీద 6400 అని గొప్పగా అచ్చువేశారు గానీ, క్లిక్ 3 లాంటి సాదా లెన్సుతో తీసిన ఫిల్ములో 2400 దాటాక నా కంటికి కొత్త వివరమేదీ కనబడలేదు, అంచుల్లోని మసక ఇంకాస్త పెద్ద మసకగా కనబడింది.)

ఇక నా కోపమంతా దుమ్ము తొలగించే మీట మీద. విజయనగరం గంటస్తంభం దగ్గర మా పెద్దతాతగారు కారుకు ఆనుకుని నిలబడిన ఫొటో ఒకటి ఉంది. ఆ కారు ఆయన కొత్తగా కొన్నదని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాదు, అంతకు ముందు ఎవరో వాడి వదిలేసిన పాత మార్క్ 1, అంటే అంబాసిడర్‌లో తొలి రకం, అని బొబ్బిలి మావయ్య వాదన. వాల్తేరు ఫొటోకైతే స్టేషను బోర్డు వల్ల కాలం కొంత తేలుతుంది, 1987లో ఆ స్టేషను పేరు విశాఖపట్నంగా మారింది కనుక. నంబరు పలక మీద మూడక్షరాల పాత పద్ధతి ఉంటే ఆ కారు 1989కి ముందు నమోదైందని తెలుస్తుంది. గంటస్తంభం ఫొటోకు ఈ రెండూ అక్కరకు రావు. అక్కడ తేల్చవలసింది కారు ముందు భాగం: 1960ల తొలినాళ్ళలో వచ్చిన మార్క్ 2 అంబాసిడర్‌కు దగ్గర దగ్గర గళ్ళున్న గ్రిల్లు ఉంటుంది, మార్క్ 1కు ఉండదు.

స్కానరు ఆటో పద్ధతిలో ఆ మీట తనంతట తానే పడి ఉంటుంది. తెరమీద బొమ్మ ఎక్కడా మచ్చ లేకుండా వచ్చింది, అందరికీ పంపాను. ఐదు నిమిషాల్లో మావయ్య ఫోను: “ఏటిరా, గళ్ళేవి? నే సెప్పలేదేటి, మార్క్ వన్నే!” గ్రిల్లు ఉండవలసిన చోట నున్నటి బూడిదరంగు పలక ఉంది. తాతగారి పంచె అంచు కూడా కరిగి గోడలో కలిసిపోయింది. నెగటివును కిటికీ వెలుతురుకు పట్టి భూతద్దంతో చూస్తే గళ్ళు స్పష్టంగా ఉన్నాయి.

ఈ మీట పని చేసేది కంటికి కనబడని పరారుణ కాంతితో. రంగు ఫిల్ములో బొమ్మ రంగుద్రవ్యాలతో ఏర్పడుతుంది, వాటి గుండా ఆ కాంతి సాఫీగా పోతుంది. దుమ్ము, వెంట్రుక మాత్రమే దానికి అడ్డుపడతాయి కనుక యంత్రం వాటిని గుర్తించి చుట్టుపక్కల రంగుతో పూడుస్తుంది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మే వెండి రేణువులు. అవీ పరారుణ కాంతిని అడ్డుకుంటాయి. అంటే యంత్రం లెక్కలో బొమ్మంతా దుమ్మే. ఈ సంగతి సర్వీసు కేంద్రంలో అడిగితే, అన్ని ఫిల్ములకూ బాగా పనిచేస్తుందని ధీమాగా చెప్పి పంపారు. ఇంటికొచ్చి వాడుక పుస్తకం తిరగేస్తే, వెనక పుటల్లో, చదవాలంటే మళ్ళీ ఆ భూతద్దమే కావలసినంత చిన్న అక్షరాల్లో, నలుపు తెలుపుకు వాడరాదని ఉంది. మీట తీసేసి మళ్ళీ స్కాన్ చేస్తే గళ్ళు వచ్చాయి, వాటితోపాటు దుమ్ము కూడా వచ్చింది. దాన్ని మెత్తటి కుంచెతోనూ, గాలి బుడ్డితోనూ ముందే దులుపుకోవడం తప్ప వేరే దారి లేదు. మావయ్య మాత్రం రెండో ఫొటోలో గళ్ళు నేనే కంప్యూటరులో గీశానని ఇప్పటికీ అంటున్నారు.

న్యాయంగా చెప్పాలంటే, అదే మీట 1980ల నాటి రంగు నెగటివుల మీద అద్భుతంగా పనిచేసింది. అరకు ఘాట్ రోడ్డులో ఆపిన ప్రీమియర్ పద్మిని నెగటివు మీది గీతలన్నీ పోయాయి, కారు మాత్రం చెక్కుచెదరలేదు.

సముద్రం దగ్గరగా ఉన్నవారికి ఇంకో మాట. రెండో వర్షాకాలం గడిచేసరికి అద్దం లోపలి వైపు పలుచని పొగలాంటి పొర పట్టింది. నల్లటి భాగాలు తెల్లబోతున్నాయని అనుమానం వచ్చి చూస్తే అది బయటపడింది. అద్దం విప్పి తుడవడం కుదరదని, లోపలి భాగం మొత్తం మార్చాలని అన్నారు. ఆ ఖర్చు సగం కొత్త యంత్రమంత. మార్చలేదు. వాడనప్పుడు సిలికా జెల్ సంచులతో పాటు గుడ్డ కప్పి ఉంచుతున్నాను, పొర పెరగలేదు. 120 ఫిల్మును పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం కొక్కెం కూడా విరిగింది, అది విడిగా దొరకడం లేదు. నల్లటి అట్ట కత్తిరించి సర్దుకున్నాను.

స్కాను ఎంత బాగా వచ్చినా ఫోను సందేశంలో ఫొటోగా పంపితే కుదించుకుపోయి నంబరు పలక చదవరాకుండా పోతుంది. డాక్యుమెంటుగా పంపితేనే అవతలివారికి అసలు రూపం చేరుతుంది.

నా దగ్గర ఉన్నవి ఎక్కువగా నలుపు తెలుపు 120 నెగటివులు, చేతిలో తీరికా ఉంది. కనుక ఈ స్కానరు నాకు గిట్టుబాటైంది, ఆటో పద్ధతిని మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. ఆల్బముల్లో అతికించిన ప్రింట్లే ఉన్నవారు దీని మీద డబ్బు పెట్టనక్కరలేదు, ఫోను కెమెరా, ఎండ నేరుగా పడని కిటికీ చాలు. ఇప్పుడు మా పిన్ని పంపిన 35 ఎం.ఎం. రంగు రోళ్ళు మొదలుపెట్టాను, వాటికైతే ఆ మీట వేసే ఉంచుతున్నాను.