శివరాత్రి అమావాస్యకి కెమెరా కట్టుకొని: ఓర్వకల్లు, గండికోట, ఉరవకొండ

రూము ఎలా ఉంటుంది, వేడినీళ్ళు వస్తాయా, బండి పెట్టుకోడానికి చోటుందా అని అడిగి బుక్ చేసుకోవడం మనందరికీ అలవాటు. చుక్కల ఫోటోల కోసం వెళ్ళేవాళ్ళు వీటన్నిటికంటే ముందు ఒకటి అడగాలి: రాత్రి మీ దగ్గర ఎన్ని లైట్లు వెలుగుతాయి, అందులో మా కోసం ఎన్ని ఆపగలరు? నేను ఇది సరిగ్గా అడగలేదు, గండికోటలో సగం రాత్రి పోయింది. అందుకే ఈ ట్రిప్ గురించి వివరంగా రాస్తున్నా, ఇంకొకరికి అలా పోకూడదని.

మాది కర్నూలు. మా మేడ మీద నుంచి చూస్తే సప్తర్షి మండలంలో ఆరు చుక్కలు తేలిగ్గానే కనిపిస్తాయి, ఏడోదాని కోసం కళ్ళు చికిలించాలి. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది, 27న అమావాస్య. చతుర్దశి నాటి చంద్రుడు తెల్లవారే ముందు గానీ రాడు, పండగ సెలవు ఎలాగూ ఉంది, ఇంకో రెండు రోజులు లీవు పెట్టి మా చిన్నాన్న కొడుకుని వెంటేసుకుని కారులో బయల్దేరా. సామాను పెద్దదేం కాదు: పాత క్రాప్ సెన్సార్ (సెన్సార్ కాస్త చిన్నది) డీఎస్ఎల్ఆర్, ఆకాశం ఎక్కువ పట్టే 14 ఎంఎం వైడ్ లెన్స్ ఒకటి, దూరపువి దగ్గరగా చూపే 135 ఎంఎం లెన్స్ ఒకటి, స్కై-వాచర్ వాళ్ళ స్టార్ అడ్వెంచరర్ ట్రాకర్, బైనాక్యులర్స్, రెండు పవర్ బ్యాంకులు, ఎర్ర కాగితం అంటించిన టార్చి. భూమి తిరిగే వేగానికి సరిపడా కెమెరాని ఎదురు తిప్పేది ట్రాకర్. అది లేకపోతే నా కెమెరా మీద 14 ఎంఎంతో 20 సెకన్లు దాటగానే చుక్కలు గీతలవుతాయి, 135తో అయితే రెండు సెకన్లకే.

మన రాయలసీమ వాళ్ళకి ఆకాశం విషయంలో ఒక అదృష్టం ఉంది, ఒక ఇబ్బందీ ఉంది, రెండూ ఒకే కారణం వల్ల. మనం ఉన్నది సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. అంటే ధ్రువ నక్షత్రం కూడా నేల నుంచి 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి చాచి బొటనవేలూ చిటికెనవేలూ బాగా విడదీసి పట్టుకుంటే ఆ జానెడు 20 డిగ్రీల పైన ఉంటుంది కదా, ధ్రువుడు అంతకంటే కిందే. చిన్న గుట్ట అడ్డమొచ్చినా, పొలాల్లో పొగ లేచినా కనపడడు. ట్రాకర్‌ని అటే గురిపెట్టాలి కాబట్టి మాకు అది పెద్ద టెన్షన్. పైగా ట్రాకర్ తల అంత కిందికి వంచి పెట్టినప్పుడు, కెమెరాకి సమంగా రెండో పక్క వేలాడే బరువు ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ఆ బరువు రెండు కాళ్ళ మధ్య ఖాళీలోకి వచ్చేలా ట్రైపాడ్‌ని తిప్పి నిలబెడితే నాకు తగలడం తగ్గింది.

అదృష్టం దక్షిణం వైపు. ఒమెగా సెంటారీ అని ఒక నక్షత్ర గుచ్ఛం ఉంది, సుమారు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో దాదాపు కోటి చుక్కలు ముద్దగా ఉంటాయి. ఢిల్లీ వాళ్ళకి అది 14 డిగ్రీలకి మించి లేవదు, మనకి దాదాపు 28 డిగ్రీలు లేస్తుంది. కిందికి పోయేకొద్దీ చుక్క వెలుగు ఎక్కువ గాలి పొరని దాటుకుని రావాలి, 15 డిగ్రీల దగ్గర ఆ మందం నెత్తి మీద ఉన్నదానికి దాదాపు నాలుగు రెట్లు, 28 దగ్గర రెండు రెట్లే. దుమ్మున్న ఊళ్ళలో ఈ తేడా ఫోటోలో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. త్రిశంకు (సదరన్ క్రాస్) కూడా మనకి 15 డిగ్రీల దాకా లేస్తుంది, అగస్త్యుడు (కెనోపస్ చుక్క) 22 దాటి. ఈ ట్రిప్‌లో నాకు కావాల్సింది ముఖ్యంగా రెండే, రాత్రి మొదట్లో ఓరియన్ నెబ్యులా (ఓరియన్ చుక్కల మధ్య వెలిగే వాయువు మేఘం), 3 దాటాక ఒమెగా సెంటారీ.

మొదటి రాత్రి ఓర్వకల్లు. కర్నూలు నుంచి నంద్యాల రోడ్డులో 20 కిలోమీటర్ల పైచిలుకు, రాక్ గార్డెన్ అందరికీ తెలిసిందే. ఆ గార్డెన్ సాయంత్రం మూసేస్తారు కాబట్టి లోపల రాళ్ళ మధ్య రాత్రి ఫోటోలు కుదరవు, మేము తెలిసినవాళ్ళ స్థలంలో బండ మీద ట్రైపాడ్ పెట్టుకున్నాం. బండ మీద నిలబెడితే వణుకు ఉండదు, అది దీని పెద్ద ప్లస్. వాయువ్యంలో కర్నూలు వెలుగు దొన్నె బోర్లించినట్టు ఉంటుంది, ధ్రువుడి పక్క దాకా పాకుతుంది. శివరాత్రి కాబట్టి గుళ్ళకి పోయే బండ్లు ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి, ఒక్కో హెడ్‌లైట్‌కి ఒక్కో ఫ్రేము పోయింది. ఇల్లు దగ్గర, రాత్రి ఆకలేస్తే హైవే మీద టీ దొరుకుతుంది, సామాను మర్చిపోతే వెనక్కి వెళ్ళి తెచ్చుకోవచ్చు. కొత్తగా ట్రాకర్ కొన్నవాళ్ళు మొదటి రెండు మూడు సార్లు ఇక్కడికే రండి, అలైన్‌మెంట్, అంటే ట్రాకర్‌ని ధ్రువుడి వైపు గురిపెట్టడం, చేయి తిరుగుతుంది. మంచి ఫోటో కోసమైతే ఇది చాలదు. ఊళ్ళన్నీ జాగరంలో ఉంటే మా జాగరం మేము చేసి 2 గంటలకి ఇంటికొచ్చేశాం.

మర్నాడు బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు మీదుగా బెలుం గుహలు. మధ్యాహ్నం ఎండ తప్పించుకోడానికి వెళ్ళాం, లోపల ఉక్క ఎక్కువ, చెమటతో తడిసి బయటికొచ్చాం. పిల్లలతో వెళ్తే తప్పక చూడండి. అక్కడి నుంచి జమ్మలమడుగు, గండికోట.

గండికోట గురించి ఎంత చెప్పినా తక్కువే. సాయంత్రం పెన్నా లోయ అంచున కూర్చుంటే ఎర్ర బండలు రంగు మారుతుంటాయి, కింద నీళ్ళు, లేచి రాబుద్ధి కాదు. టూరిజం వాళ్ళ హరిత హోటల్‌లో గదులు ముందే నిండిపోయాయి, అందుకని లోయకి దగ్గర్లో ఒక ప్రైవేటు టెంట్ల క్యాంపులో తీసుకున్నాం. ఫోన్‌లో అడిగా, అక్కడ చీకటిగా ఉంటుందా అని. "ఫుల్లు చీకటి సార్, కోట దగ్గర ఏముంటాయి లైట్లు" అన్నారు. వెళ్ళి చూస్తే కోట దగ్గర లేవు, క్యాంపులోనే ఉన్నాయి. వేప చెట్టుకి రెండు పెద్ద ఎల్ఈడీ ఫోకస్ లైట్లు, టెంటు టెంటుకీ సీరియల్ బల్బులు, ఒక పక్క స్పీకర్లు. 7:30కి పూర్తి చీకటి పడుతుంది, ఓరియన్ అప్పుడే నెత్తి మీద ఉంటుంది, ఆ మూడు గంటలే దానికి మంచి టైము. రెండు ఫోకస్ లైట్లూ ఆపమని అడిగితే మిగతా టెంట్లలో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు, భయపడతారు అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, నేను కాదనలేదు. కానీ ఫోన్‌లో ఆ సంగతి చెప్పి ఉంటే వేరే చోటు చూసుకునేవాణ్ణి కదా.

టెంటు శుభ్రంగానే ఉంది, దుప్పట్లు బాగున్నాయి, రాగి సంగటి, కోడి పులుసు చాలా బాగా పెట్టారు, పనిచేసే పిల్లలు ఎంతో మర్యాదగా ఉన్నారు. ఫ్యామిలీతో సరదాగా వెళ్ళేవాళ్ళకి నేనే ఆ క్యాంపు చూపిస్తా. ఆకాశం కోసం వెళ్ళేవాళ్ళకి మాత్రం వద్దంటా. వెళ్ళేముందు మూడు అడగండి, ఫోకస్ లైట్లు ఎక్కడున్నాయి, ఎన్నింటికి ఆపుతారు, పాటలు ఎప్పటిదాకా. వీలైతే ఆ క్యాంపులో రాత్రి తీసిన ఫోటో ఒకటి పంపమనండి, దాంట్లో అన్నీ తెలిసిపోతాయి.

10 దాటాక ఇంక లాభం లేదని సామాను సర్దుకుని జమ్మలమడుగు రోడ్డు మీద కొంచెం వెనక్కి వచ్చి, పక్కన రాళ్ళ బయలు చూసి ఆగాం. అక్కడ నిజంగా చీకటి. అగస్త్యుడు నైరుతిలోకి వాలుతున్నాడు, గురువు వృషభంలో, కుజుడు మిథునంలో, పాలపుంత సన్నగా మృగశిర పక్క నుంచి దక్షిణానికి పోతూ కనిపించింది. ఆగ్నేయం వైపు మాత్రం ఒక నారింజ రంగు వెలుగు, అటు ఆర్‌టీపీపీ థర్మల్ ప్లాంటు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా. పాలపుంత నడిబొడ్డు లేచేది సరిగ్గా అక్కడే, ధనుస్సు వైపు 2 గంటలకి లేచినా 4 దాటి ఆ వెలుగు పైకి వచ్చేదాకా ఫోటోలో మట్టి రంగే వచ్చింది. లోయలో తడి వల్లనేమో లెన్సు మీద మంచు కూడా పట్టింది, గుడ్డతో తుడిస్తే మరక పడుతుందని చేతి వెచ్చదనం మీద ఆధారపడ్డాం, హీటర్ పట్టీ తీసుకెళ్ళాల్సింది.

1 గంటకి పెట్రోలింగ్ జీపు వచ్చింది. ఇక్కడేం చేస్తున్నారని అడిగారు, కెమెరా స్క్రీన్ మీద కరీనా నెబ్యులా (దక్షిణాకాశంలో ఇంకో వాయువు మేఘం) చూపించి చెప్పాం. ఒకాయన బైనాక్యులర్స్‌తో కుజుణ్ణి కాసేపు చూశాడు. "సామీ, ఈసారి వచ్చేముందు స్టేషన్‌కి ఒక మాట చెప్పి రండి, మేమే చూసుకుంటాం" అన్నారు. ఆ మాట అందరూ పాటించాల్సిందే, మీరు ఎవరో వాళ్ళకి ముందే తెలిస్తే మీకూ ధైర్యంగా ఉంటుంది.

పొద్దున్నే జమ్మలమడుగులో కారం దోశ తిని, తాడిపత్రి, అనంతపురం మీదుగా ఉరవకొండ వైపు. అక్కడ ఒక పల్లెలో మా మామ ఉంటారు, అమ్మ తమ్ముడు. హోటల్ కాదు కాబట్టి రేటింగు ఇవ్వలేను, అయినా రాయకుండా ఉండలేను. వెళ్ళగానే "ఏమప్పా అల్లుడూ, చుక్కలు మీ కర్నూల్లో లేవా" అన్నాడు. లేవు మామా అన్నా. నిజమే చెప్పా.

అది నల్లరేగడి నేల. శనగ కోసేసి చేను ఖాళీగా ఉంది, ఇంటి నుంచి కిలోమీటరున్నర. బీటల్లోకి ట్రైపాడ్ కాళ్ళు దిగిపోతున్నాయని మామ ఎక్కడినుంచో మూడు నాపరాయి ముక్కలు తెచ్చి కాళ్ళ కింద వేశాడు. ఆ తర్వాత తెల్లవారేదాకా అలైన్‌మెంట్ కదల్లేదు. గాలి ఎక్కువ, గాలిమరల ప్రాంతం కదా, కొన్నిటి నెత్తిన ఎర్ర లైట్లు మిణుకుతుంటాయి, వైడ్ లెన్స్‌తో తీస్తే అడుగున ఎర్ర చుక్కలు వరసగా పడతాయి. ట్రాకర్‌ని కారు మాటున పెట్టి, ట్రైపాడ్ నడుముకి నీళ్ళ క్యాను వేలాడదీశాం. పడమర బళ్ళారి వైపు వెలుగు గట్టిగానే ఉంది, ఆగ్నేయంలో అనంతపురం కొంచెం. దక్షిణం మాత్రం నల్లగా ఉంది. నాకు కావాల్సింది అదే.

సాయంత్రం శుక్రుడు దిగేలోపు మామ తెల్ల తువ్వాలు నేల మీద పరిచి చేయి అడ్డం పెట్టి చూపిస్తే లేత నీడ పడింది. నేను పుస్తకంలో చదివిందే, కళ్ళతో చూడటం అదే మొదలు. బైనాక్యులర్స్‌తో కృత్తికలు చూపించా, "పిల్లలకోడి" అన్నాడు వెంటనే, మా అమ్మా అదే అంటుంది. ఒక రైతు ఇంటి ముందు బల్బు నేరుగా మా మీద పడుతుంటే మామ ఫోన్ చేసి చెప్పాడు, రెండు నిమిషాల్లో ఆరిపోయింది. గండికోటలో డబ్బు ఇచ్చి అడిగినా దొరకని పని.

ఇక్కడ ఒక జాగ్రత్త. తెలియని పొలాల్లోకి రాత్రి పూట ఒంటరిగా దిగకండి. పాములు సరే, అడవి పందుల కోసం కొన్ని చోట్ల కరెంటు తీగ లాగుతారు, అది ప్రాణం తీస్తుంది. చేను ఎవరిదో వాళ్ళని పక్కన పెట్టుకునే వెళ్ళండి.

7:30 నుంచి 10:30 దాకా ఓరియన్ మీద నిమిషం నిమిషం ఎక్స్‌పోజర్లు తీశా, నడిమధ్య మరీ తెల్లబడకుండా మధ్యలో కొన్ని 5 సెకన్లవి. 3 దాటాక ఒమెగా సెంటారీ దక్షిణాన నిలబడింది. కంటికి మసక చుక్కలా ఉంది, 1677లో హాలీ కూడా దాన్ని మసకగానే చూసి రాసుకున్నాడు. 135 ఎంఎంలో మొదటి ఫ్రేము స్క్రీన్ మీద పెద్దది చేస్తే అంచుల్లో చుక్కలు విడివిడిగా కనిపించాయి. తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నా, ఇది మన శనగ చేనులోంచేనా" అన్నాడు. 5:20కి ఆకాశం తెల్లబడటం మొదలైంది, అప్పుడే ఆపాం.

ఇంటికొచ్చి అన్నీ సిరిల్‌లో (ఆకాశం ఫోటోలు కలిపే సాఫ్ట్‌వేర్) వేసి జల్లెడ పట్టా. గండికోటలో తీసిన 70లో 31 పనికొచ్చాయి, ఉరవకొండలో 140లో 118. ఓర్వకల్లువి ప్రాక్టీసుకే పోయాయి.

మామకి ఫోన్ చేసి ఓరియన్ ప్రింటు పంపుతున్నా అని చెప్తే, చేను వానలు పడేదాకా ఖాళీనే ఉంటాది, మళ్ళీ ఎప్పుడొస్తావన్నాడు. ఏప్రిల్ 27 అమావాస్య అన్నా. నాపరాళ్ళు అక్కడే గట్టు మీద పెట్టించాడంట.