అంబాసిడర్ బ్రేక్ లైట్లకు ఎల్ఈడీ బల్బులు: నాలుగేళ్లు వాడాక

మాది 1986 నాటి మార్క్ 4 అంబాసిడర్. నాన్నగారు కొన్న బండి. నెలకు ఒకటి రెండుసార్లు హైదరాబాద్ నుంచి నందిగామ వెళ్లొస్తుంది, మిగతా రోజులు షెడ్డులోనే ఉంటుంది. దాని బ్రేక్ లైట్ల గురించి నాకు చాలాకాలం టెన్షన్ ఉండేది. మిట్టమధ్యాహ్నం బ్రేక్ తొక్కితే ఎర్ర అద్దం ఎర్రగా ఉందనిపిస్తుందే తప్ప, లోపల లైటు వెలిగిందని తెలియదు. ఈ కాలం కార్ల లైట్లకు అలవాటుపడిన కళ్లకు అది అసలే ఆనదు.

నాలుగేళ్ల కిందట పాత డబుల్ ఫిలమెంట్ బల్బులు (పార్కింగ్‌కు ఒక తీగ, బ్రేక్‌కు ఒక తీగ ఒకే బల్బులో ఉండేవి) తీసేసి, అదే హోల్డర్‌లో పట్టే తెల్ల ఎల్ఈడీలు పెట్టాను. ఆ వారమంతా తెలిసినవాళ్లందరికీ అదే చెప్పాను. పగటిపూట అంత తేడా కనిపించింది మరి. పెడల్ మీద కాలు పడీపడగానే లైటు వెలిగేది. మామూలు బల్బులో తీగ వేడెక్కి పూర్తి వెలుగు రావడానికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ కాస్త సేపట్లోనే వెనక కారు నాలుగు మీటర్లకు పైగా ముందుకొచ్చేస్తుంది. అందుకే ఈ ఒక్క గుణం కోసమే ఎల్ఈడీ కొనొచ్చని అప్పట్లో గట్టిగా అనేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

ఆ ఏడాది వానాకాలంలో ఒక రాత్రి అమ్మను, పిల్లల్ని తీసుకుని నందిగామ బయల్దేరాను. మా బావమరిది తన కారులో వెనకే వస్తున్నాడు. దారంతా ముసురు. సూర్యాపేట దాటాక టీ కోసం ఆగాం. అతను దిగీ దిగగానే అన్నాడు: "బావా, నువ్వు బ్రేక్ వేస్తున్నావో లేదో తెలియక ప్రాణం పోయింది నాకు. వెనక ఎప్పుడూ ఒకటే వెలుగు. ఇండికేటర్ వేస్తే దాంతోపాటు అవి కూడా కొట్టుకుంటున్నాయి."

అతన్ని సీట్లో కూర్చోబెట్టి బ్రేక్ తొక్కమన్నాను. నేను పాతిక అడుగులు వెనక్కి వెళ్లి చూశాను. నిజమే. హెడ్‌లైట్లు వేసి ఉంటే వెనక పార్కింగ్ లైటే అంత వెలుగు చిమ్ముతోంది, పైన బ్రేక్ పడినా తేడా తెలియడం లేదు. ఎర్రగా కూడా లేదు, తెల్ల వెలుగు ఎర్ర అద్దంలోంచి గులాబీ రంగులో వస్తోంది. పాత బల్బులో పార్కింగ్‌కు 5 వాట్లు, బ్రేక్‌కు 21 వాట్లు. ఆ తేడాను చూసే వెనకవాడికి మనం ఆగుతున్నామని తెలుస్తుంది. పగలు నేను మురిసిపోయిన బల్బుల్లో ఆ తేడాయే లేదు. వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లల్ని చూస్తే కాళ్లలో వణుకు పుట్టింది. మిగతా దారంతా 50 దాటకుండా పోనిచ్చాను.

మర్నాడు నందిగామలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను, ఎన్నో ఏళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాడు. ఇండికేటర్‌తో పాటు బ్రేక్ లైట్ కొట్టుకుంటోందని చెప్పగానే "అయితే ఎర్త్ పోయింది బాబూ" అన్నాడు. ఎర్త్ అంటే బల్బులోంచి కరెంటు బండి ఒంటి మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. ఎల్ఈడీ తీసేసి పాత బల్బు పెట్టాడు. మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది హోల్డర్ ఒంటికి ఆనించి నన్ను బ్రేక్ తొక్కమన్నాడు. దాదాపు సున్నా రావాల్సిన చోట 1.9 వోల్టులు చూపించింది. బ్రేక్ స్విచ్‌లో ఇంకో 0.6 పోతోంది. అంటే బ్యాటరీలో 12.4 ఉన్నా బల్బుకు చేరేది 10 కూడా లేదు. వోల్టేజీ పది శాతం తగ్గితేనే ఫిలమెంట్ బల్బు వెలుగు ముప్పై శాతం దాకా పడిపోతుంది. మాకు పోతున్నది ఇరవై శాతం. ఇన్నేళ్లూ మా లైట్లు డిమ్‌గా ఉన్నది బల్బు వల్ల కాదు.

అంతకుముందు బండికి పెయింటింగ్ చేయించినప్పుడు ల్యాంపు కూర్చునే చోట కూడా రంగు కొట్టేశారు. ఎర్త్ దొరికేది ఆ ఒక్క స్క్రూ దగ్గరే. ఎల్ఈడీ తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి ఆ చెడ్డ ఎర్త్‌తో కూడా బాగానే వెలిగింది, జబ్బు నాకు కనపడకుండా దాచేసింది. ఇండికేటర్‌లో మాత్రం 21 వాట్ల పాత బల్బే ఉంది, అది వెలిగినప్పుడల్లా ఎర్త్ మొత్తం దానికే సరిపోయి పక్కనున్న ఎల్ఈడీ డిమ్ అయ్యేది.

పెద్దాయన రంగు గీకి, రెండు ల్యాంపుల నుంచీ విడిగా వైరు లాగి కొసకు లగ్గు (స్క్రూకి పట్టే లోహపు రింగు) వేసి ఛాసిస్‌కు బిగించాడు. హోల్డర్‌లో పట్టిన చిలుమును ఎమరీ పేపరుతో రుద్దాడు. మొత్తం మూడు వందలు అయింది. పాత బల్బులతోనే బ్రేక్ తొక్కితే వెనక గోడంతా ఎర్రబడింది. మా నాన్నగారు ఉంటే చూపించాలనిపించింది.

ఇప్పుడు వాడుతున్నవి ఆ తెల్లవి కాదు, తర్వాత కొన్న ఎర్ర ఎల్ఈడీలు. కొనేముందు షాపులోనే బ్యాటరీకి కలిపి పార్కింగ్, బ్రేక్ వెలుగుల తేడా కళ్లారా చూసుకున్నాను. మూడేళ్లు దాటింది. ఒకదానిలో మూడు నాలుగు చుక్కలు ఆరిపోయాయి, అయినా పనిచేస్తోంది. ఇంతకుముందు ఏడాది, ఏడాదిన్నరకోసారి మార్చే బ్రేక్ స్విచ్‌ను ఆ తర్వాత ఒక్కసారి కూడా మార్చలేదు. రెండు పాత బల్బులు కలిసి మూడున్నర ఆంపియర్లు లాగేవి, ఇవి అర ఆంపియరు కూడా లాగవు. ఇది నేను అనుకోని లాభం, నాకు చాలా సంతోషం కలిగించింది.

ఎల్ఈడీ కొనమనే నేనిప్పటికీ చెబుతాను, కానీ ఎర్త్ చూపించాకే. పగటి ఎండలో హైవే మీద ఎక్కువ తిరిగే నాలాంటివాళ్లకు ఎర్రవి పనికొస్తాయి. ఊళ్లోనే తిప్పేవాళ్లకు ఎర్త్ సరిచేశాక పాత బల్బే చాలేమో. పాజిటివ్ ఎర్త్ ఉన్న (బ్యాటరీ పాజిటివ్‌ను బండి ఒంటికి కలిపిన) ఇంకా పాత బండి అయితే మామూలు ఎల్ఈడీ అసలు వెలగకపోవచ్చు, ముందే అడిగి కొనండి. నా బండి ఎక్కువగా షెడ్డులోనే ఉంటుంది కాబట్టి, రోజూ తిరిగే బండిలో ఇవి మూడేళ్లు నిలుస్తాయని మాత్రం నేను మాటివ్వలేను. డాష్‌బోర్డు అరలో రెండు ఫిలమెంట్ బల్బులు గుడ్డలో చుట్టి ఇప్పటికీ ఉంచుకుంటున్నాను.