అవతలి అద్దానికి జాయ్‌స్టిక్ పెట్టి మూడేళ్లయ్యాక

నా పాత కారుకు డ్రైవర్‌కు అవతలి వైపు, వెనక బండ్లు చూసే బయటి అద్దాన్ని సీట్లో కూర్చునే తిప్పుకునేలా రిమోట్ మిర్రర్ పెట్టుకున్నాను. రిమోట్ అనగానే చేతిలో పట్టుకుని బటన్ నొక్కేది అనుకోకండి. దీనికి కరెంటుతో పనే లేదు. అద్దం వెనక నుంచి మూడు తీగలు ఒక తొడుగులో దూరి, డోరులోంచి లోపలికొచ్చి, వేలెడంత జాయ్‌స్టిక్‌కు తగులుకుంటాయి. సైకిల్ బ్రేకు కేబుల్ లాంటివే. 1960, 70ల కార్లలో వచ్చిన పద్ధతే కాబట్టి పాత బండికి పెట్టినా అరువు తెచ్చిన నగలా కనిపించదు.

నా కారును నేనూ, మా తమ్ముడూ నడుపుతాం. వాడు నాకన్నా జానెడు పొడుగు. డ్రైవర్ వైపు అద్దమైతే చెయ్యి బయటపెట్టి సర్దుకోవచ్చు, తిప్పలన్నీ అవతలి దానితోనే. పక్కసీటు మీదికి వంగి, కిటికీ దించి, అద్దం నెట్టి, మళ్లీ నా సీట్లో కూర్చుని చూస్తే మా డోరే కనిపించేది. మళ్లీ వంగాలి. అందుకే అవతలి అద్దానికి పొడుగు కేబులున్న రకం తీసుకుని, డాష్‌బోర్డు కింద నా చేతికందే చోట జాయ్‌స్టిక్ పెట్టుకున్నాను. మొదటి నెలంతా అవసరం లేకపోయినా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా అద్దాన్ని అటూ ఇటూ ఆడించాను. అంత ముచ్చట!

బిగించడం గురించి రెండే ముక్కలు. డోరుకు రంధ్రం వేశాక వెనక్కి తీసుకోలేం కాబట్టి ముందు టేపుతో అంటించి, సీట్లో కూర్చుని చూడండి. డోరు కిటికీకి ముందున్న మూడుమూలల చిన్న గాజు తెరిస్తే మిర్రర్‌కు తగులుతుందేమో కూడా చూసుకోండి. వేసిన రంధ్రం అంచుకు రంగు పూయకపోతే అక్కడే తుప్పు మొదలవుతుంది.

ఇక అసలు కథ. ఏడాదిన్నర బాగానే నడిచింది. ఒక వాన రాత్రి, దారి మధ్యలో అద్దం కాస్త కిందికి దించుదామని జాయ్‌స్టిక్ కదిపితే లోపల టప్‌మని చప్పుడైంది. అద్దం ఆకాశం వైపు తిరిగి కూర్చుంది. ఎటు తిప్పినా కిందికి రాదు. తీగ లాగగలదు కానీ నెట్టలేదు. అందుకే మూడు పెడతారు. వాటిలో ఒకటి తెగితే మిగతా రెండూ అద్దాన్ని తమ వైపే లాక్కుంటాయి. మిగతా దారంతా మెడ తిప్పి తిప్పి చూస్తూ, లేను మారకుండా, లారీల వెనకే ఇంటికి చేరాను.

మర్నాడు డోరు ప్యానెల్ ఊడదీస్తే తప్పెవరిదో తెలిసింది. కేబుల్ డోరులోంచి బాడీలోకి వెళ్లేది బందుల దగ్గర. చూడ్డానికి నీటుగా ఉండాలని అక్కడ కొంచెం కూడా వదులు ఉంచకుండా బిగలాగి కట్టింది నేనే. డోరు తీసిన ప్రతిసారీ అది మెలిపడి, పోగులు పోగులుగా తెగుతూ వచ్చింది. తయారుచేసినవాళ్లను తిట్టుకోవడానికి అవకాశం లేకుండా పోయింది. అయితే ఒక కోపం మాత్రం మిగిలింది: నేను కొన్న రకంలో తీగ ఒక్కటే మార్చడానికి లేదు, అద్దంతో సహా మొత్తం మార్చాల్సి వచ్చింది. రెండోసారి బందుల దగ్గర వంపు వదిలి, రబ్బరు బుష్ పెట్టి, కిటికీ అద్దం దిగే దారికి తగలకుండా కట్టాను. హడావుడిలో జాయ్‌స్టిక్ కాస్త పక్కకు తిరిగి బిగుసుకుంది. పైకి నెడితే అద్దం మూలగా కదిలేది. చిన్న అలెన్ కీతో మర వదులు చేసి సరిచేసేసరికి సాయంత్రమైంది.

‘ఒక్కసారి పెడితే ఇక కదలదు’ అని మొదట్లో అందరికీ చెప్పాను. డ్రైవర్ వైపు పెట్టే పొట్టి కేబుల్ రకం విషయంలో ఇప్పటికీ ఆ మాటే చెబుతాను. అవతలి దానిలో మాత్రం ప్లే, అంటే వదులుగా ఊగడం, ఎక్కువ. గతుకుల రోడ్డు మీద సన్నగా వణుకుతుంది, వెనక బండి ఉందని తెలుస్తుంది కానీ ఏ బండో పోల్చుకోలేం. అరగంటకోసారి రవ్వంత సర్దాలి.

నాలా ఇద్దరు నడిపే బండైతే పెట్టుకోవచ్చనే అంటాను. ఒక్కరే నడిపేవాళ్లు, డోరుకు రంధ్రం వేయాలంటే ప్రాణం ఒప్పనివాళ్లు మామూలు అద్దంతోనే సర్దుకోవచ్చు. నాకైతే నడుం నొప్పి కూడా ఉంది, కాబట్టి పక్కసీటు మీదికి వంగే రోజులు మళ్లీ వద్దు. మా తమ్ముడు మాత్రం అవతలి డోరు తీసేటప్పుడల్లా ఒకసారి నా మొహం చూసి, మెల్లగా తీస్తున్నాడు.